కంద చుట్టం పెన్సిల్వేనియా అడవిలో

పిల్లలకి మన సంస్కృతి నేర్పాలి అనగానే ఇక్కడ అందరం పండగలు, పద్యాలు, కూచిపూడి క్లాసులే తలుచుకుంటాం. అవన్నీ మా ఇంట్లోనూ ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వేరే ఉంది. గట్టు మీద ఏ మొక్క కనబడినా ఆగి, ఆకు తిప్పి చూసి, ఇది ఫలానా అని పోల్చుకోవడం. ఫిలడెల్ఫియాలో పుట్టిన మా అమ్మాయికి అది అబ్బాలంటే ఇక్కడి మొక్కలతోనే అబ్బాలి.

మే నెలలో మా ఊళ్ళోనే అడవిలా ఉండే విస్సాహికన్ లోయకి వెళ్ళాం, తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మ కూడా ఉంది. వాగు పక్కన తడి నేలలో మూడేసి ఆకుల మొక్క ఒకటి కనిపించగానే మా అమ్మాయి చెయ్యి వెనక్కి లాగేసుకుంది. మూడాకులుంటే ముట్టుకోకూడదని ఇక్కడి పిల్లలందరికీ నేర్పుతారు, తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు తెప్పించే పాయిజన్ ఐవీ అనే మొక్కంటే అంత భయం. సరే, ముట్టుకోకుండానే చూద్దాం అన్నాను. పాయిజన్ ఐవీకి మధ్య ఆకుకి మాత్రం పొడుగు కాడ ఉంటుంది, కాండం చెక్కలా గట్టిగా ఉంటుంది. దీని మూడు ఆకులూ కాడ లేకుండా ఒక్కచోటే అతుక్కుని ఉన్నాయి, కాండం నీరు పట్టి మెత్తగా ఉంది. పైగా ఆకు అంచుకి కాస్త లోపలగా, చీరకి అంచు కుట్టినట్టు, ఒక ఈనె చుట్టూ తిరిగి ఉంది. ఇక్కడి అడవుల్లో మూడాకులతోనే ఉండే ట్రిలియమ్ అనే పూల మొక్క కూడా కాదు, దాని పువ్వు మూడాకుల నడిమధ్యలోంచి వస్తుంది, దీనికి పక్కన వేరే కాడ ఉంది. ఆ కాడ మీద ఊదా చారల దొప్ప, పైన మూతలా ముందుకి వంగిన రేకు. అదే జాక్ ఇన్ ద పల్పిట్.

పుల్లతో ఆ మూత ఎత్తి చూసిన అమ్మ, "ఇది మన కంద జాతే కదే! చేమ పువ్వు కూడా ఇలాగే ఉంటుంది, మధ్యలో కాడతో" అంది. నిజమే, కంద, చేమ, మనీ ప్లాంట్, ఇది అన్నీ ఒకే కుటుంబం.

అక్కణ్ణుంచి మా అమ్మాయిని ఆపలేకపోయాం. ఈ మొక్క చిన్నగా ఉన్నప్పుడు మగపూలు పూస్తుంది, దుంపలో బలం చేరాక ఆడపూలు పూస్తుంది, కాయలు కాసి నీరసిస్తే మరుసటి ఏడు మళ్ళీ మగదైపోతుంది! మగ దొప్ప అడుగున చిన్న సందు ఉంటుంది, లోపల పడిన చిన్న చిన్న పురుగులు పుప్పొడి పూసుకుని అందులోంచి బయటపడతాయి. ఆడ దొప్పకి ఆ సందు ఉండదు, పాపం పుప్పొడి చేరవేసిన పురుగు చాలాసార్లు అందులోనే ఉండిపోతుంది. తను తడి ఆకుల మీద బోర్లా పడుకుని మరీ ఆ సందు వెతికి పట్టుకుంది.

"దుంప తినొచ్చా అమ్మమ్మా?" అని అడిగితే, కంద తరిగేముందు చేతులకి నూనె ఎందుకు రాసుకుంటామో, చింతపండు ఎందుకు వేస్తామో అమ్మ చెప్పింది. రెండింటిలోనూ కంటికి కనపడని కాల్షియం ఆక్సలేట్ సూదులే, దీని దుంప పచ్చిది కొరికితే నోరు మండిపోతుంది. ఇక్కడి మూలవాసులు బాగా ఎండబెట్టాకే తినేవారు. మనం ఆ ప్రయోగం చేయొద్దు. అప్పుడే వచ్చింది "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అన్న సామెత కూడా. నేను ఇంట్లో ఎన్నిసార్లు అన్నా పట్టించుకోని పిల్ల ఇప్పుడు స్కూల్ నుంచి వచ్చి ఎవరి గొడవ చెప్పినా అదే అంటోంది.

మీరూ పిల్లల్ని తీసుకెళ్ళండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళితే ఎర్రటి పళ్ళ గుత్తి కనిపిస్తుంది. అడవిలోంచి మాత్రం తవ్వుకు రావొద్దు, గింజ మొలిచి పూతకి రావడానికి ఏళ్ళు పడుతుంది. స్థానిక మొక్కల నర్సరీల్లో అమ్ముతారు, నీడా తడీ ఉంటే పెరట్లో బాగా బతుకుతుంది. మేం ఈసారి ఆకులు రాలే కాలంలో మేపుల్ చెట్టు కింద ఒకటి నాటబోతున్నాం. వచ్చే వసంతానికి అది ఆడదో మగదో చూసి వీడియో కాల్‌లో అమ్మమ్మకి చెప్పే పని మా అమ్మాయిది.