పజిల్‌లో కనిపించింది ఆటలో ఎందుకు కనిపించదు?

కొంతకాలం పాటు చదరంగంలో నా పజిల్ రేటింగ్ నెలనెలా పెరుగుతూ పోగా, ఆటల రేటింగ్ మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. పజిల్ ఎదుట పడిందంటేనే అందులో గెలుపుదారి ఒకటి ఉందని మనకు ముందే తెలిసిపోతుంది. అసలు ఆటలో ఆ కబురు చెప్పేవారుండరు. పైగా నేను మొదటి ఎత్తును ఊహించి వేసి, అది సరైనదని తేలాకే తరువాతి ఎత్తు కోసం వెతికేవాణ్ణి. దాన్ని లెక్క కట్టడం అనలేము.

స్పెయిన్ రచయిత లుసెనా రాసిన 1497 నాటి చదరంగ గ్రంథంలోనే కనిపించే ఒక ఆటకట్టును చూడండి. గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డు వరుసను చెబుతుంది. నల్లరాజు జి8లో, దాని బంట్లు జి7, హెచ్7లలో, ఏనుగు డి8లో ఉన్నాయి. తెల్లగుర్రం జి5లో ఉండగా తెల్లమంత్రి సి4కు వచ్చి షా చెప్పింది, అంటే రాజుపై దాడి చేసింది. రాజు ఎఫ్8కు జరిగితే ఎఫ్7లో మంత్రితో ఆట ముగుస్తుంది. ఏనుగును డి5లో అడ్డుపెడితే మంత్రి దాన్ని చంపి మళ్లీ షా చెబుతుంది. రాజు హెచ్8కు తప్పుకుంటే గుర్రం ఎఫ్7కు, రాజు తిరిగి జి8కు రాగానే హెచ్6కు దూకి, గుర్రమూ మంత్రీ కలిసి జంట షా ఇస్తాయి. రాజు మళ్లీ మూలకు చేరాక మంత్రి జి8లో బలి అవుతుంది, దాన్ని చంపిన ఏనుగే రాజుకు దారి మూసేస్తుంది, గుర్రం ఎఫ్7లో ఆట కట్టేస్తుంది. మంత్రి బలి మాత్రమే గుర్తున్నవారికి ఈ అమరిక సగమే వచ్చినట్లు. నల్ల ఏనుగు డి8లో కాక ఎఫ్8లో ఉండి ఉంటే, ఎఫ్7కు దూకిన గుర్రాన్ని అది చంపగలదు. అప్పుడు గెలుపును వెతకవలసింది ఆ ఏనుగు కదలడంతో ఖాళీ అయిన వెనక వరుసలో.

అమరికలు గుర్తుండడం చిన్న విషయమేమీ కాదు. 1973లో మనస్తత్వ పరిశోధకులు చేజ్, సైమన్ ప్రచురించిన ప్రయోగంలో, నిజమైన ఆటలోని స్థితిని ఐదు సెకన్లు చూపితే మాస్టర్ ఆటగాడు ఆరంభకులకంటే ఎన్నో పావులను సరిగ్గా పేర్చాడు. పావులను ఇష్టమొచ్చినట్లు చల్లి చూపినప్పుడు ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. అయితే గుర్తుపట్టడం వెతకడానికి మొదలు మాత్రమే, ప్రత్యర్థి జవాబులను లెక్క కట్టే పని అప్పటికీ మిగిలే ఉంటుంది.

అందుకే ఇప్పుడు ప్రత్యర్థి వేయగల అత్యుత్తమ జవాబుతో సహా వరుస మొత్తం మనసులో ముగిసేదాకా పావును కదపను. రోజుకు పది పజిళ్లు చాలు, తప్పినవాటిని వారం తరువాత మళ్లీ చూస్తాను. నా ఓటములలో చేజారిన క్షణాలను కూడా పుస్తకంలో గీసుకుంటున్నాను. ఇప్పటిదాకా అందులో చేరినవాటిలో ఎక్కువ భాగం నేను వదులుకున్న అవకాశాలు కావు, ప్రత్యర్థి చేస్తున్న బెదిరింపును గమనించని సందర్భాలే.