నేను ఫోను స్టాండుని

భుజం లాగేస్తోంది. పిండి రుబ్బి కాదు, బట్టలు ఉతికి కాదు. నాయన మొహానికి ఎదురుగా ఫోను పట్టుకుని. తొమ్మిదిన్నరకి మొదలైన వీడియో కాల్ పదకొండు దాటేదాకా సాగింది. అక్కడ వాడికి శనివారం పొద్దున, తీరికే తీరిక. ఇక్కడ నానబెట్టిన మినప్పప్పు గ్రైండర్ పక్కన అట్టే ఉంది.

వాడంటే తమ్ముడే, ఇంకెవరు. టెక్సాస్‌లో ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు. పికప్ వెనక తగిలించుకుని తిరిగే చక్రాల ఇల్లు. మంచం, పొయ్యి, బాత్రూము అన్నీ అందులోనే. ఫొటోలు వచ్చిన రోజు మా ఆయన "మనింటికన్నా బాగుందే" అన్నాడు. ఆ పూట నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇక్కడ మా మేడ మీద గది కారుతోందని వాడికి చెప్పి ఎన్నాళ్లయిందో.

ఇంతకీ సంగతేమిటంటే, బ్రేకు వేస్తే ట్రైలర్ వెనకనుంచి నెడుతోందట. ట్రైలర్ బ్రేకులకి ఎంత కరెంటు పోవాలో పెట్టుకునే చిన్న పెట్టె ఒకటి డ్రైవర్ ముందు ఉంటుంది. దాన్ని ఆఖరిదాకా పెంచినా నెట్టుడు తగ్గలేదు. అమ్మినవాళ్లని అడిగితే కొత్త బండి కదా, అన్నీ చూసే ఇచ్చాం అన్నారు. అప్పుడు గుర్తొచ్చాడు నాయన.

ఆర్టీసీ గ్యారేజీలో రిటైరైన మనిషికి తెలిసింది గాలి బ్రేకులు. "కరెంటుతో బ్రేకేందిరా అబ్బయా?" అని మొదలుపెట్టి, వాడు చెప్పింది విని, కాసేపటికి వాడికే తిరిగి పాఠం చెప్పాడు. చక్రం లోపల అయస్కాంతం ఉంటుంది. కరెంటు రాగానే తిరిగే డ్రమ్ముకి అంటుకుంటుంది. డ్రమ్ము దాన్ని తనతోపాటు ఈడ్చబోతుంది, ఆ ఈడ్పుకి మీట కదిలి రెండు బ్రేకు షూలనీ విడదీసి డ్రమ్ముకి అదుముతుంది. "అంతేగదా? మరి షూకీ డ్రమ్ముకీ సందు ఎక్కువుంటే నువ్వు ఎంత కరెంటిచ్చి ఏం లాభం?"

వాడు అప్పుడు తెరిచాడు పుస్తకం. అందులో రాసే ఉంది. మొదటి 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బ్రేకులు సరిచేయాలి, ఆ తర్వాత ప్రతి 3,000 మైళ్లకీ. షూల మీది కొత్త లైనర్లు డ్రమ్ముకి ఒరుసుకుని కూర్చోవాలంటే 40 మైళ్ల వేగం నుంచి 20కి తగ్గిస్తూ 20, 30 సార్లు బ్రేకు వేయాలి. ఇంత చదువు చదివినవాడు ఆ పేజీ మాత్రం చదవలేదు.

జాకీ తీసుకెళ్లి ఇరుసు కింద పెట్టబోయాడు. నాయన అరిచిన అరుపుకి ఎదురింట్లో లైటు వెలిగింది. "ఇరుసు వంగుద్దిరా! ఛాసిస్ కింద పెట్టు. చక్రాలకి అడ్డలు పెట్టావా? చూపీ." వాడు చూపించాడు. రెండు నిమిషాలకి మళ్లీ, "అడ్డలు పెట్టావా?"

ఆ అడ్డల పిచ్చి ఎక్కడిదో నాకు తెలుసు. బుచ్చిరెడ్డిపాలెం అవతల కాలవ కట్ట మీదనుంచి దిగే బాట. పెదనాయన ట్రాక్టరు, వెనక ట్రక్కు నిండా వడ్ల బస్తాలు, బస్తాల మీద మేం పిల్లలం. తమ్ముడు నా ఒళ్లో. అప్పుడు మా ఊళ్లో ఏ ట్రక్కుకీ బ్రేకులుండేవి కాదు. చెక్క దిమ్మె పట్టుకుని పక్కనే పరిగెత్తే కుర్రాడే బ్రేకు. ఆ రోజు అతను వెనకబడ్డాడు. దిగుడులో పెదనాయన ట్రాక్టరు ఆపబోయాడు, ట్రక్కు ఆగలేదు. బరువంతా వచ్చి ట్రాక్టరుని పక్కకి మడిచేసింది. నేను వాణ్ణి పట్టుకుని దూకేశాను, ఇద్దరం బురదలో పడ్డాం. సగం బస్తాలు కాలవలోకి పోయాయి. తడిసిన వడ్లు రోడ్డు మీద ఆరబోసి, కాకుల్ని తోలి, చివరికి మిల్లులో ధర తెగ్గోస్తే పెద్దమ్మ తిట్టింది మాత్రం మమ్మల్ని, పైన ఎక్కి కూర్చున్నామని. నాయన డ్యూటీ దిగి వచ్చి ఏమీ మాట్లాడకుండా ట్రక్కు కిందికి దూరి చూశాడు. బయటికొచ్చి అన్నది ఒక్కటే మాట, "ఎనకుండే బండికి దాని బ్రేకు దానికుండాల." ఇవాళ కూడా అదే మాట అన్నాడు. వాడికి ఆ బురద గుర్తున్నట్టు లేదు.

సరే, చక్రం లేచింది. వెనక ప్లేటు అడుగున రబ్బరు మూత తీస్తే సందులో పళ్ల చక్రం. స్క్రూడ్రైవరుతో ఒక్కో పన్నూ తిప్పుతూ, చక్రం చేత్తో తిరగనంత బిగించి, మళ్లీ వదులు చేయాలి. చక్రం హాయిగా తిరగాలి గానీ షూ సన్నగా రాసుకుంటున్న చప్పుడు రావాలి. ఆ చప్పుడు వినడానికి నాయన ఫోను చెవికి ఆనించుకుంటాడు. అప్పుడు బొమ్మ కనపడదు. మళ్లీ నేను లాక్కుని ఎదురుగా పట్టాలి. "కదిలించకుండా పట్టుకోమ్మే" అని కసురు నాకు. నాలుగు చక్రాలకీ ఇదే భాగోతం. ఈ మధ్యలోనే, దారిలో ట్రైలర్ ఊడిపోతే దానంతటదే బ్రేకు పడే పిన్ను ఒకటుందని తెలిసి, నాయన దాన్నీ లాగించి చూశాడు.

నాకు మండింది బ్రేకుల గురించి కాదు. నాయన కంటి ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకుందాం అని పోయిన వారం అడిగితే, "నువ్వు చూసుకో అక్కా, నాకు మీటింగు" అన్నాడు. ఇవాళ గంటన్నర ఎక్కడినుంచి వచ్చింది? పోనీ ఈ గంటన్నరలో కన్నెలా ఉంది నాయనా అన్నాడా? మసక కంటితో ఆ పళ్లు లెక్కపెడుతున్నాడు ఆయన.

అయినా నాయన ఈమధ్య ఇంతసేపు నిటారుగా కూర్చున్నది లేదు. మాత్ర వేసుకోమని నేను గుర్తు చేయాల్సి రాలేదు, తనే వేసుకున్నాడు. ఆఖర్న తమ్ముడు లోపలికి తీసుకెళ్లి కిందిమంచం చూపించి, "ఇది నీకే, వచ్చే ఏడు నిన్ను తిప్పడానికే కొన్నా" అన్నాడు. నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మేడ మీద గది పోతే పోయిందిలే అనిపించింది నాకు.

అది కాసేపే. వీసాకి ఈయన్ని చెన్నై తీసుకెళ్లేది ఎవరు? నేనేగా.

పన్నెండు దాటాక మెసేజి. రోడ్డెక్కించి చూశాడట, నెట్టుడు పోయింది. డ్రమ్ముల వేడిని టెంపరేచర్ గన్నుతో కొలిచి పంపాడు. మూడు ఒకలాగే ఉన్నాయి, ఎడమ వెనకది బాగా ఎక్కువ. నాయన నిద్రపోయాడు. "ఎడమ వెనకది పట్టేస్తోంది. చల్లారనిచ్చి, పైకెత్తి కాస్త వదులు చెయ్యి, మళ్లీ తిప్పి చూడు" అని నేనే పెట్టాను.

"నాయన చెప్పాడా?" అని వచ్చింది.

అవునని పెట్టాను.