ఎఫ్‌టీపీ సర్వర్: లాగిన్ అవుతుంది, ఫోల్డర్ తెరుచుకోదు

విండోస్ పీసీలో ఫైల్‌జిల్లా సర్వర్ (ఎఫ్‌టీపీ అనే పద్ధతిలో నెట్ మీద ఫైళ్లు పంచే ప్రోగ్రామ్) పెట్టి బయటివాళ్లకు ఫైళ్లు ఇద్దామనుకునేవాళ్లు తరచూ ఆగిపోయేది ఇక్కడే. పాస్‌వర్డ్ ఒప్పుకుంటుంది, ఆ తర్వాత లిస్టు రాక టైమౌట్. రౌటర్‌లో పోర్ట్ 21 (కనెక్షన్ లోపలికొచ్చే నంబరు తలుపు) తెరిచాక కూడా ఇదేమిటని తల పట్టుకుంటారు.

ఎఫ్‌టీపీకి కనెక్షన్లు రెండు. 21 మీద నడిచేవి ఆదేశాలూ జవాబులే. ఫోల్డర్ లిస్టుకీ, ప్రతి ఫైలుకీ వేరే పోర్ట్ మీద మరో కనెక్షన్ పడుతుంది. ప్యాసివ్ మోడ్‌లో, అంటే ఈ రెండో కనెక్షన్ కూడా బయటివాళ్ల వైపు నుంచే మొదలయ్యే పద్ధతిలో, ఆ పోర్ట్ నంబరు, ఐపీ అడ్రస్ సర్వరే చెబుతుంది. రౌటర్ వెనకున్న సర్వర్ 192.168తో మొదలయ్యే లోపలి అడ్రస్ చెబితే బయటివాళ్లకు దాంతో పనేముంది? టీఎల్‌ఎస్ (మాటల్ని ఎన్‌క్రిప్ట్ చేసే రక్షణ) లేకపోతే కొన్ని రౌటర్లు ఆ జవాబు చదివి అడ్రస్ దిద్దేస్తాయి. ఎన్‌క్రిప్ట్ అయితే చదవలేవు. అందుకే టీఎల్‌ఎస్ పెట్టగానే పాడైందంటారు. అలాగని దాన్ని తీసేయకండి, పాస్‌వర్డ్ దారంతా తెరిచిన పోస్ట్‌కార్డులా వెళ్తుంది.

సెట్టింగ్స్‌లో ప్యాసివ్ మోడ్ దగ్గర పోర్ట్ రేంజ్ 50000 నుంచి 50100 అని ఇచ్చి, కింద మీ పబ్లిక్ ఐపీ (బయటి నెట్‌కు కనబడే అడ్రస్) రాయండి. అవే పోర్ట్‌లను, 21తో సహా, రౌటర్‌లో ఈ పీసీకి ఫార్వర్డ్ చేయండి, విండోస్ ఫైర్‌వాల్‌లోనూ అనుమతించండి. ఈ రెండోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

అంతకన్నా ముందు రౌటర్ వ్యాన్ అడ్రస్ (ప్రొవైడర్ వైపు రౌటర్‌కున్న అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ వెనక, అంటే ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే ఏర్పాటు వెనక, ఉన్నట్టే. ఎన్ని పోర్ట్‌లు తెరిచినా లాభం లేదు. ప్రొవైడర్‌ని మీకంటూ ఒక పబ్లిక్ ఐపీ అడగాల్సిందే.

ఒక్కొక్కరికీ ఒక్కో యూజర్ చేయండి. మౌంట్ పాయింట్‌లో (ఆ యూజర్‌కి ఏ ఫోల్డర్ చూపాలో చెప్పే చోటు) వర్చువల్ పాత్ దగ్గర ఒక స్లాష్ (/), నేటివ్ పాత్ దగ్గర పీసీలోని మీ ఫోల్డర్, యాక్సెస్ రీడ్ ఓన్లీ. జెడ్ డ్రైవ్‌లా మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్ ఇస్తే, వెనక సర్వీస్‌గా నడిచే ఫైల్‌జిల్లా సర్వర్‌కి కనబడదు, ఎందుకంటే ఆ మ్యాపింగ్ మీ లాగిన్‌కే చెందుతుంది.

అవతలివాళ్లకు బ్రౌజర్ లింకు పంపొద్దు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 2021లోనే ఎఫ్‌టీపీని తీసేశాయి. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌కి టీఎల్‌ఎస్ రాదు. ఫైల్‌జిల్లా క్లయింట్ వేసుకోమనండి. మొదటిసారి వాళ్లకు కనబడే సర్టిఫికెట్ ఫింగర్‌ప్రింట్‌ను (అది మీ సర్వరేనని తేల్చే కోడ్) ఫోన్ చేసి ఒకరికొకరు చదివి సరిచూసుకోండి.