బోర్డు మీద చీటీలు, గేటు దగ్గర బస్సు

గురువారం. రాత్రి పదకొండయింది, నిద్ర రావట్లేదు.

రెండు వారాలకోసారి మాకు రెట్రో మీటింగ్, అంటే చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకోవడం. గచ్చిబౌలిలో మేం తొమ్మిదిమంది, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్ళు ఐదుగురు, ఏది చెడిందో మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. వాళ్ళు చెప్పేస్తారు. పోయినసారి ఒకబ్బాయి వాళ్ళ మేనేజర్ మొహం మీదే "మీ ప్లానే తప్పు" అన్నాడు, ఆయన తలూపి రాసుకున్నాడు. మా వైపు అందరం సర్ వంక చూస్తాం, సర్ "ఆల్ గుడ్" అంటారు, అయిపోతుంది. టెస్ట్ సర్వర్ మూడు రోజులు పడుకున్న సంగతి మర్నాడు చాయ్ దగ్గర బయటికొస్తుంది.

ఇదంతా మన సంస్కృతే అని నా నమ్మకం. గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ ఆయన ఐబీఎం ఉద్యోగుల సర్వేలతో మొదలుపెట్టి కట్టిన లెక్కల్లో, పై వాడికీ కింది వాడికీ మధ్య దూరానికి మనకి 77, నెదర్లాండ్స్‌కి 38 (అంకె పెరిగితే దూరం పెరిగినట్టు). ట్రైనింగుల్లో ఆ స్లైడు ఎన్నిసార్లు చూపించానో.

ఈసారి నడిపే వంతు నాది. 1968లో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ అనే జర్మన్ ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది: ఆరుగురు, తలా మూడు ఆలోచనలు, ఐదు నిమిషాలు, కాగితం పక్కవాళ్ళకి, అంతా రాతే, మాట లేదు (జర్మనీలోనూ నోరు మెదపనివాళ్ళు ఉన్నారన్నమాట). నేను అంత లెక్కగా చేయలేదు, ఆన్‌లైన్ బోర్డు మీద పేర్లు లేకుండా ఏడు నిమిషాలు రాయమన్నాను, సర్‌ని చివర్లో మాట్లాడమని ముందే బతిమాలుకున్నాను.

ఇరవై మూడు చీటీలు! నేను లోపల గంతులేస్తుంటే అటునుంచి ఒకావిడ, "పేర్లెందుకు దాచాం? మా మీద నమ్మకం లేదా?" అంది. నిజంగానే నొచ్చుకుంది. మాకు ధైర్యమిచ్చిన చాటు వాళ్ళకి దొంగచాటు వ్యవహారంలా కనిపించింది. ఇష్టమైనవాళ్ళు పేరు పెట్టుకోండి అని సర్దిచెప్పి చీటీలు చదవబోతే, నాలుగింట్లో ఒకటే మాట. సాయంత్రం గేటు దగ్గర ఎక్కే 7:15 బస్సు.

మీటింగ్ వాళ్ళకి మధ్యాహ్నం రెండుకి. అక్టోబర్ ఆఖరుదాకా అది మాకు అయిదున్నర, వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకున్నాక ఆరున్నర. ఎవరు నోరు తెరిచినా బస్సు పోయినట్టే. అవును, సెప్టెంబర్‌లో వీళ్ళు కాస్తో కూస్తో మాట్లాడేవాళ్ళు! కారులో వచ్చిపోయే నాకు తట్టనే లేదు. అయితే ఆ బస్సు మాట కూడా నాలుగు నెలలు ఎవరూ పైకి అనకపోవడం 77 కాక మరేంటి, అదీ ఉంది.

"ముందే చెప్పొచ్చు కదే" అంటే మా ఖమ్మం పిల్ల, "మీరు అడగలేదు కదక్కా" అంది.

నొచ్చుకున్న ఆవిడే మీటింగ్‌ని వాళ్ళ పదకొండుకి మార్చేసింది, మాకు మూడున్నర. ఇవాళ్టి బస్సు మాత్రం పోయింది. నలుగుర్ని కారెక్కించుకుని రాయదుర్గం మెట్రో దగ్గర దింపాను. దారంతా ఆ సర్వర్ గొడవే, నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు.