బాప్తిస్మానికి తేదీ మేం వెయ్యలేదు

అమెరికాలో తెలుగు సంఘాల్లో పెరిగే పిల్లలకి పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఒక ప్రశ్న మొదలవుతుంది. అడిగేది పెద్దలే. "బాబు బాప్తిస్మం ఎప్పుడు?" అంటే, యేసుని నమ్ముకున్నానని తనంతట తాను ఒప్పుకుని అందరి ముందూ నీళ్లలో మునిగేది ఎప్పుడని. ఒంగోలు నుంచి తాతయ్య, నాన్నమ్మ విజిటర్ వీసా మీద వస్తున్నారంటే ఆ ప్రశ్నకి గడువు కూడా వచ్చి పడుతుంది. వాళ్లు తిరుగు విమానం ఎక్కేలోపు అయిపోతే బావుంటుంది కదా!

మా ఇంట్లోనూ మా అబ్బాయి గురించి ఆ మాట వచ్చింది. మేం ఒప్పుకోలేదు. నాన్నగారికి కోపం వచ్చింది.

ఇక్కడికొచ్చి స్థిరపడ్డవాళ్లం కష్టాన్ని నమ్ముకున్నవాళ్లం. పరీక్షలు రాశాం, వీసా తెచ్చుకున్నాం, గ్రీన్ కార్డు కోసం ఏళ్లు కాచుకున్నాం. పిల్లల భక్తి కూడా అలాగే సాధించుకునేదే అనుకుంటాం. శనివారం లెక్కల ట్యూషన్, ఆదివారం సండే స్కూల్, వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో చర్చిలో పెట్టే బైబిలు బడి), కంఠత వాక్యాల పోటీలో ఫస్ట్ ప్రైజ్. ఇవన్నీ మేమూ చేయిస్తాం, మానం కూడా. కానీ వాడి మనసులో దేవుడి మీద ప్రేమ పుట్టించడం నా వల్ల అయ్యే పని కాదు. నాటేవాడు, నీళ్లు పోసేవాడు ఎవరైనా పెంచేది దేవుడేనని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో రైతు విత్తనం చల్లి రాత్రి నిద్రపోతాడు. అది ఎలా మొలిచిందో అతనికి తెలియదు. ఆ నిద్ర ప్రవాస తల్లిదండ్రులకి పట్టదు.

నాన్నగారితో వాదించడానికి నాకు మా ఊరు ఒంగోలు చరిత్రే అక్కరకొచ్చింది. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువాళ్ల మధ్యకి వచ్చారు. నెల్లూరులో ఏళ్ల తరబడి పనిచేసినా నమ్మినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1853లో ఆ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ కూడా జరిగింది. మరుసటేడు జనవరి 1న ఆ మిషనరీల్లో ఒకరైన జూయెట్ దొర మరికొందరితో ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. అదే మిషన్‌కి చెందిన క్లౌ దొర 1866లో అక్కడికి మకాం మార్చారు.

తర్వాత కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి దొరికేలా చేశారు. జనం బాప్తిస్మం ఇమ్మన్నారు. ఆయన ఇవ్వలేదు, తిండి కోసం అడుగుతున్నారేమోనని. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. సాయం ముగిసింది, ఇక డబ్బు లేదు అని చెప్పినా జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఒంగోలోళ్లం ఆ 2,222ని గొప్పగా చెప్పుకుంటాం. ఇవ్వకుండా ఆగిన ఆ ఏడాది సంగతి ఎవరూ ఎత్తరు. నాకైతే అదే పెద్ద విషయం.

"వాళ్లు తిండి కోసమేమోనని ఆగారు. మనవాడికేం తక్కువ? వాడు దేనికోసం తీసుకుంటాడు?" అన్నారు నాన్నగారు.

"మీకోసం, నాన్నా. మీరు సంతోషిస్తారని" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నారని మాత్రం అనుకోను.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోలేదు. రాత్రి కుటుంబ ప్రార్థన జరుగుతుంది. వాడు ఇంగ్లీషులో చదువుతాడు, మేం తెలుగులో. ఒక రాత్రి వాడే అడిగాడు: "నిజంగా నేను నమ్ముతున్నానా, మీరు నమ్ముతున్నారు కాబట్టి నమ్ముతున్నానా? ఎలా తెలుస్తుంది?" మా ఆవిడ కంగారుపడింది. పాస్టర్ గారితో మాట్లాడించమంది. నేను వద్దన్నాను. ఆ ప్రశ్న దేవుణ్నే అడగమని వాడికి చెప్పాను, మాకు వినబడేలా అడగక్కర్లేదని కూడా.

నాన్నగారు ఊరెళ్లిపోయారు. ఆదివారం వీడియో కాల్‌లో ఇంకా అడుగుతూనే ఉంటారు. ఈమధ్య నన్ను కాదు, నేరుగా వాణ్నే. "ఇంకా లేదు తాతయ్యా" అంటాడు వాడు, ఏ మొహమాటం లేకుండా. ఆ తర్వాత ఇద్దరూ క్రికెట్‌లో పడతారు.