కేసీ కాలువలో ఒక్క రాత్రి, 0.15 మి.మీ. షాఫ్టు మాయం

నా నమూనా పడవలోకి చుక్క నీరు రాలేదు. కొత్త ఎపాక్సీ పూత గెలిచింది. శుభవార్త అంతటితో సరి.

నీరు కారుతుందేమో చూద్దామని శనివారం సాయంత్రం టగ్గు నమూనాను చిన్నాన్న పొలం పక్కన, ముక్కు ఎగువకు ఉండేలా కాలువ గట్టుకు కట్టాను. తడిసిపోతుందని మోటారు విప్పి ఇంటికి తెచ్చుకున్నాను. అక్కడే చెడింది. మోటారు అడ్డు లేని ప్రొపెల్లరు షాఫ్టు తెల్లవార్లూ ప్రవాహానికి తిరిగింది. “నువ్వే కావాలని వదిలావనుకున్నాను” అన్నాడు చిన్నాన్న.

5 మి.మీ. స్టెయిన్‌లెస్ షాఫ్టు కొత్తలో 4.98. ఇప్పుడు మైక్రోమీటరుతో చూస్తే మధ్యలో 4.98, ముందు బుష్ (షాఫ్టు తిరిగే చిన్న గొట్టం) దగ్గర 4.96, వెనక బుష్ దగ్గర 4.83! వెనక ఇత్తడి బుష్ రంధ్రం కోడిగుడ్డులా సాగింది: అడ్డంగా సుమారు 5.05, నిలువుగా 5.3. ప్రొపెల్లరు బరువు కిందికే ఆనుతుంది కనుక బుష్ ఒకవైపే అరిగింది, షాఫ్టు మాత్రం చుట్టూ అరిగింది. ప్రవాహం షాఫ్టును వెనక్కి లాగడంతో ముందు వాషరు కూడా 1 మి.మీ. నుంచి 0.7కు దిగింది.

పుల్ల వేసి చూస్తే ప్రవాహం సెకనుకు 0.6 మీటర్లు. ప్రొపెల్లరు పిచ్ (ఒక్క చుట్టుకు సాగే దూరం) 40 మి.మీ. కాబట్టి గరిష్ఠంగా సెకనుకు 15 చుట్లు తిరగాలి. ఫోను వీడియోలో లెక్కపెడితే 9. పద్నాలుగు గంటల్లో నాలుగున్నర లక్షల చుట్లు, అంటే బుష్‌లో 7 కిలోమీటర్ల రాపిడి. మోటారు నిమిషానికి 6000 చుట్లతో ఈ దూరాన్ని గంటంపావులో దాటేస్తుంది. తేట నీళ్ల తొట్టిలో అలా ఎన్నో గంటలు నడిపాను, 0.01 కూడా తగ్గలేదు.

మరి ఇక్కడేం జరిగింది? నెమ్మదిగా తిరిగితే నూనె పొర నిలవదన్నది మొదటి అనుమానం. అసలు దొంగ ఆగస్టు బురద నీళ్లే అని నా నమ్మకం. నల్లబడ్డ గ్రీజును గాజు మీద రుద్దితే గీతలు పడ్డాయి, అంటే ఇసుకే. భూతద్దంలో చూస్తే ఇత్తడిలో రేణువులు దిగబడి ఉన్నాయి. మెత్తని బుష్ ఉప్పుకాగితమై గట్టి షాఫ్టును కోసింది. చిక్కటి గ్రీజు ఇసుకను ఇంకా గట్టిగా పట్టి ఉంచుతుంది; దాన్ని మెచ్చుకునేవారిని నేనిక నమ్మను.

నైలాన్ బుష్ వద్దు, నీటికి ఉబ్బుతుంది. పెద్ద పడవల్లో గాళ్లున్న రబ్బరు బుష్‌ల నుంచి నీరే ఇసుకను కడిగేస్తుంది. ఆ కొలతలో దొరకదు కనుక స్కూటర్ పెట్రోలు గొట్టం ముక్కకు గాళ్లు కోసి చూస్తాను. ఈలోగా ప్రొపెల్లరును చుక్కానికి నూలుదారంతో కట్టి మళ్లీ ఒక రాత్రి. కుదిరితే బకెట్‌లో కాలువ నీళ్లు నిలబెట్టి ఎంత ఒండ్రు దిగుతుందో కూడా కొలవాలి.