వదిలేస్తే చాలదు, తొడుక్కోవాలి

బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక 12వ అధ్యాయం రెండో వచనం మన సంఘాల్లో చాలామందికి నోటికి వచ్చు. "మీరు ఈ లోక మర్యాదను అనుసరింపక" అని మొదలై "మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి" అని ముగుస్తుంది. నోటికొచ్చిన వచనంతో ఒక చిక్కుంది. అందులోని మాటలు చెవికి తగలడం మానేస్తాయి. ఇక్కడ 'మర్యాద' అంటే పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడడం కాదు. లోకం నడిచే తీరు, ఈ కాలపు వాడుక. అయితే ఇవాళ మనం ఆ మాటకి ఇచ్చే అర్థం పెట్టుకుని చదివినా వచనం గట్టిగానే తగులుతుంది. కట్నం ఎంత తీసుకుంటే మర్యాద, ఎవరింటి పిల్లని చేసుకుంటే మర్యాద పోతుంది, పెళ్ళికి ఎన్ని కూరలు వడ్డిస్తే మర్యాద దక్కుతుంది... లెక్కలన్నీ ఆ పేరు మీదే కదా నడుస్తున్నాయి.

'రూపాంతరము' కూడా ఆగి చూడాల్సిన మాటే. కొండమీద యేసు ముఖం సూర్యునిలా ప్రకాశించినప్పుడు మత్తయి 17:2లో వాడిన క్రియే పౌలు ఇక్కడ వాడాడు. పైగా 'పొందుడి' అన్నాడు, 'చేసుకొనుడి' అనలేదు. మార్చేది దేవుడు. కానీ అది ఆజ్ఞ కూడా, అంటే మనం కదలాల్సింది ఉంది. గ్రీకు మూలంలో అది జరుగుతూ ఉండాల్సిన పని, ఒక్క రాత్రితో అయిపోయేది కాదు. ఈ మూడింట్లో ఏది మర్చిపోయినా దెబ్బ తింటాం. అంతా నా పట్టుదలే అనుకుని కొత్త సంవత్సరం తీర్మానం చేసుకున్నవాడు ఫిబ్రవరికల్లా అలిసిపోతాడు. "ప్రభువే మారుస్తాడులెండి" అని కూర్చున్నవాడు పదేళ్ళయినా అదే కుర్చీలో, అదే కోపంతో ఉంటాడు.

మన విశాఖకి ఈ విషయంతో పాత చుట్టరికం ఉంది. 1805లో ఇక్కడికి వచ్చిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో సువార్తలని తెలుగులోకి మార్చడానికి పూనుకున్నారు. మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ బతికి లేరు. ఆ సువార్తల్లో యేసు ప్రకటన మొదలైందే మారుమనస్సు పొందమని. ఇన్నేళ్ళ వాడుకలో ఆ మాట మనకి ఒక తేదీగా మారిపోయింది. "నేను ఫలానా సంవత్సరం మారుమనస్సు పొందాను" అంటాం. తేదీ మంచిదే. ఆ తర్వాతి సోమవారాల సంగతే చూడాలి.

డిసెంబరు 31 రాత్రి తీర్మానాలు ఎందుకు నిలవవంటే వాటికి చోటూ వేళా ఉండవు. "కోపం తగ్గించుకుంటాను" అనేది కోరిక. "రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ నుంచి వచ్చి, బాబు హోంవర్క్ దగ్గర అరవడం మానేస్తాను" అనేది పట్టుకోగలిగే పని. (ఆ రాత్రి అందరం వాగ్దాన వచనం కార్డు తీసుకుని ఫ్రేము కట్టించుకుంటాం. ఆజ్ఞల కార్డులు పంచే సంఘం ఎక్కడైనా ఉందేమో మరి.) కాబట్టి ఒక్కటి ఎంచుకోండి. రెండు వద్దు. కోపం, ఫోను, అబద్ధం, అప్పు అన్నీ ఒకే వారంలో సరిచేయబోతే ఏదీ నిలవదు.

మొదటి ఏడు రోజులు ఏమీ మార్చకండి, రాయండి. జేబులో పట్టే చిన్న నోటుబుక్కు చాలు. ఫోనులో రాయబోతే వాట్సాప్ తెరుచుకుంటుంది, రాసేది మర్చిపోతాం. తప్పు జరిగిన ప్రతిసారీ మూడు లైన్లు: ఒకటి, ఎక్కడ ఎన్నింటికి జరిగింది; రెండు, దానికి అరగంట ముందు ఏం జరిగింది; మూడు, ఆ క్షణంలో మనసులో నడిచిన వాక్యం ఏది. మూడోదే ముఖ్యం, రాయడానికి కష్టమైందీ అదే. యాకోబు 1:14లో మనిషి తన దురాశచేత "ఈడ్వబడి మరులు కొల్పబడి" శోధింపబడతాడని ఉంది. ఆ ఈడ్చేది చాలాసార్లు ఒక చిన్న వాక్యం. పిల్లాడి మీద అరిచినవాడి పుస్తకంలో వారం చివర "చదువు" అని ఉండకపోవచ్చు. "ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర నలభై నిమిషాలు ట్రాఫిక్", "సూపర్‌వైజర్ అందరి ముందూ అన్నాడు", "ఇంట్లో కూడా నన్ను లెక్కచేయరు" అని ఉంటాయి. అప్పుడు తెలుస్తుంది, జబ్బు బాబు లెక్కల పుస్తకంలో లేదని.

దొరికిన వాక్యానికి జవాబు చెప్పాలి. రెండో కొరింథీ 10:5 "ప్రతి ఆలోచనను క్రీస్తుకు లోబడునట్లు చెరపట్టి" అంటుంది. చెరపట్టాలంటే ముందు దాని పేరు తెలియాలి కదా, అందుకే ఆ వారం రాత. "నన్ను లెక్కచేయరు" అనే ఆలోచనకి "దేవుడు ప్రేమాస్వరూపి" అని చెప్పుకుంటే అతకదు, వచనం నిజమే అయినా సరే. కొలస్సయి 3:21 అతుకుతుంది: "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి." అది కళ్ళని మన పరువు మీది నుంచి పిల్లాడి ముఖం మీదికి తిప్పుతుంది.

ఆ వచనాన్ని చేత్తో కార్డు మీద రాసుకోండి. మొదటి రోజు రిఫరెన్సుతో సహా పదిసార్లు పైకి చదవాలి. రెండో రోజు సగం మూసి చెప్పాలి. మూడో రోజు చూడకుండా చెప్పి, తప్పిన మాట కింద గీత గీసుకోవాలి. మిగిలిన నాలుగు రోజులూ ఆ తప్పు జరిగే చోటికి వెళ్ళేముందు చెప్పుకోవాలి. గాజువాక నుంచి బస్సెక్కితే ఇంటి స్టాపు వచ్చేలోపు, బండి మీదొస్తే గేటు దగ్గర స్టాండు వేసి లోపలికి అడుగు పెట్టేముందు. ఆ తర్వాత నెలపాటు వారానికొకసారి తిరగేస్తే చాలు, వారానికొక కొత్త వచనం మించి వద్దు. ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే వచనాన్ని మంత్రంలా వాడడం. గబగబా మూడుసార్లు అనేసి కోపం పోలేదేంటి అని చూస్తారు. వచనం చెప్పాక చేయాల్సింది ఒకటుండాలి. లోపలికెళ్ళి ముందు నీళ్ళు తాగడం, పది నిమిషాలు పుస్తకాల జోలికి పోకుండా బాబు పక్కన కూర్చోవడం.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఎఫెసీ 4వ అధ్యాయంలో పౌలు ప్రాచీన స్వభావాన్ని వదులుకోమని, నవీన స్వభావాన్ని ధరించుకోమని చెబుతాడు. వదలడం, తొడుక్కోవడం జంటగా వస్తాయి. అబద్ధం మానడంతో ఆగడు, సత్యమే మాట్లాడమంటాడు. దొంగిలించడం మానినవాడు తన చేతులతో కష్టపడాలి, అదీ అక్కరలో ఉన్నవాడికి పంచిపెట్టడానికి. దుర్భాష ఆపినవాడు వినేవారికి మేలు కలిగే మాట పలకాలి. మత్తయి 12లో యేసు చెప్పిన ఖాళీ ఇల్లు గుర్తుందా? ఊడ్చి అమర్చి పెట్టారు గానీ లోపల ఎవరూ లేరు. వెళ్ళిపోయిన దయ్యం మరి ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది.

మన రోజువారీ అబద్ధాన్నే తీసుకోండి. ఇంకా సబ్బు కూడా ముట్టకుండా "దారిలో ఉన్నానండి, జగదాంబ దాటేశాను" అంటాం. దీన్ని మానడమంటే నోరు మూసుకోవడం కాదు, "ఇంకా ఇంట్లోనే ఉన్నాను, నలభై నిమిషాలు పడుతుంది" అనే మాటని అలవాటు చేసుకోవడం. నోరు జారితే అదే రోజు తిరిగి ఫోన్ చేసి సరిచేయాలి. రెండు మూడుసార్లు ఆ సిగ్గు పడ్డాక నాలుక తనంతట తానే ఆగుతుంది. సంఘంలో ఎక్కువగా కనబడే ఇంకో అలవాటు ప్రార్థన మనవి వేషంలో తిరిగే చాడీ. "ఫలానా సిస్టర్ కోసం ప్రార్థించండి, వాళ్ళింట్లో..." అని మొదలైతే ఇరవై నిమిషాలు సాగుతుంది. దానికి కొలత తేలికే: ఆ సిస్టర్ పక్కన ఉంటే అదే మాట అదే గొంతుతో అంటామా? అనలేకపోతే ఆమెకే ఫోన్ చేసి ఆమెతోనే ప్రార్థించాలి.

డబ్బుతో ముడిపడిన తప్పుకి కన్నీళ్ళు చాలవు. "దొంగ త్రాసు యెహోవాకు హేయము" అని సామెతలు 11:1. పూర్ణా మార్కెట్‌లో ఒకరు కూరగాయల కొట్టు నడుపుతూ కేజీకి 50 గ్రాములు తగ్గించి తూస్తున్నారనుకోండి. రోజుకి 40 కేజీలు అమ్మితే 2 కేజీలు మిగులు, నెలకి 26 రోజుల బేరానికి 52 కేజీలు. కేజీ సగటున 30 రూపాయలైతే 1,560. సంఖ్యాకాండము 5:7 ప్రకారం నష్టం పూర్తిగా ఇచ్చి, దానిమీద అయిదో వంతు కలపాలి, అంటే ఇంకో 312. మొత్తం 1,872. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, ధర్మశాస్త్రం అడిగినదానికంటే ఎంతో ఎక్కువ. రోజూ వచ్చే ఖాతాదారులు తెలుసు కాబట్టి వాళ్ళకి తూకంలో తిరిగివ్వొచ్చు. ఎవరో తెలియనివాళ్ళ వంతు బీదలకి చేరాలి. దాన్ని దశమభాగంలో కలిపి కానుక పెట్టెలో వేయడం మాత్రం పనికిరాదు. అది అప్పు, కానుక కాదు.

క్షమాపణ అడగడంలో మనవాళ్ళు బాగా తడబడతారు. "నీకు బాధ కలిగి ఉంటే సారీ" అనేది ఒప్పుకోలు కాదు, తప్పు ఎదుటివాళ్ళ మనసు మీదికి తోయడం. ఏం చేశామో పేరు పెట్టి చెప్పాలి, మధ్యలో 'కానీ' రాకూడదు, వెంటనే క్షమించమని పట్టుబట్టకూడదు. ఎవరి ముందు అరిచామో వాళ్ళ ముందే అడగాలి. భార్యని అత్తగారి ముందు తిట్టి పడగ్గదిలో సారీ చెబితే సగమే చెప్పినట్టు. పిల్లలకి నాన్న క్షమాపణ చెబితే లోకువైపోతాడని ఒక భయం ఉంది, అది కూడా లోక మర్యాదలోదే. ఇంకో మాట: ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషికి "క్షమించి సర్దుకో అమ్మా" అని సలహా ఇవ్వకండి. క్షమించడం వేరు, మళ్ళీ దెబ్బలకి ఎదురెళ్ళడం వేరు. ముందు ఆమెకి భద్రమైన చోటు కావాలి. మహిళల సహాయ నంబరు 181.

"మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అన్న యాకోబు 5:16ని మన దగ్గర ఎక్కువగా స్వస్థత ప్రార్థనకే వాడతాం. మగవాళ్ళకి మగవాడు, ఆడవాళ్ళకి ఆడమనిషి, విన్నది బయటపెట్టని ఒక్కరు చాలు. వారానికి ఇరవై నిమిషాలు కూర్చుని నోటుబుక్కు తెరిస్తే సరి. వాట్సాప్ గ్రూపు దీనికి పనికిరాదు. రెండు వారాలు బాగా గడిచాయని స్టేజీ ఎక్కి సాక్ష్యం చెప్పడం అంతకంటే ప్రమాదం. మూడో వారం పడినప్పుడు ఆ సాక్ష్యాన్ని కాపాడుకోవడానికి దాచడం మొదలవుతుంది.

వేళల సంగతి. తెల్లవారుజామున అయిదింటి ప్రార్థన అందరికీ కుదరదు. స్టీల్ ప్లాంటులో రాత్రంతా సీ షిఫ్టు చేసి వచ్చినవాళ్ళకి తెల్లారడమంటే పడుకునే వేళ. షిఫ్టు మారినప్పుడల్లా గడియారం మారుతుంది కాబట్టి ప్రార్థనని గడియారానికి కాక పనికి ముడివేయాలి: స్నానం అవగానే, క్యారేజీ కడిగాక. హార్బరు బోట్ల మీద పనిచేసేవాళ్ళకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం వల్ల చేపల వేట ఉండదు. డబ్బు ఆగిపోయి తీరిక పెరిగే ఆ రెండు నెలలే తాగుడికీ పేకాటకీ అదను. వలలు బాగుచేసే పనో, వేరే కూలో, ఏ రోజు ఎవరితో గడపాలో ఏప్రిల్ రాకముందే కాగితం మీద ఉండాలి.

తాగుడు విషయంలో ఒక జాగ్రత్త. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగినవాళ్ళు ఉపవాస ప్రార్థన పేరుతో ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు. అది దయ్యం కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆపాలనుకున్నప్పుడే ముందుగా చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో, తెలిసిన డాక్టరు దగ్గరో చూపించుకుంటే అంతదాకా రాదు. మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కి ఫోన్ చేసినా దారి చెబుతారు. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

ఎన్నాళ్ళు పడుతుంది? 21 రోజుల ఉపవాస కూడికలు మనకి అలవాటు, దానియేలు మూడు వారాల నుంచి వచ్చిన లెక్క అది. అలవాటు మారడానికి మాత్రం 21 చాలకపోవచ్చు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనిస్తే ఒక చిన్న కొత్త అలవాటు తనంతట తాను నడవడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా పట్టొచ్చని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి 22వ రోజు పడితే అంతా పోయిందనుకోనక్కర్లేదు. పడిన రోజే దేవుని దగ్గర ఒప్పుకుని, మూడు లైన్లు రాసి, తోడున్న మనిషికి చెప్పాలి. ఆదివారం దాకా ఆగకూడదు. ఆగితే మధ్యలో ఇంకో నాలుగుసార్లు పడతాం.

నోటుబుక్కుకి దొరకని పాపాలూ ఉన్నాయి. ప్రభురాత్రి భోజనంలో ఒకే గిన్నె అందుకుని, పెళ్ళిసంబంధం దగ్గరికి వచ్చేసరికి "మనవాళ్ళేనా?" అని అడగడం ఎవరి పుస్తకంలోనూ తప్పుగా నమోదవదు, ఎందుకంటే అది ఎవరికీ తప్పుగా తోచదు. కట్నం 1961 నుంచి చట్టవిరుద్ధం. "మేం అడగలేదు, వాళ్ళే ఇష్టంగా పెట్టారు" అనే మాట మాత్రం ఏ కొత్త జన్మకీ లొంగకుండా బతికేస్తోంది. క్రీస్తులో అందరూ ఒక్కటే అనే గలతీ 3:28 చదివే నోటితోనే ఇవీ అంటాం.

అందుకే మొదటి అలవాటు కాస్త కుదుటపడ్డాక రెండోది మీరే ఎంచుకోకండి. ఇంట్లో వాళ్ళని అడగండి, పెళ్ళికెదిగిన పిల్లలుంటే వాళ్ళని కూడా. "నాలో ముందు ఏది మారాలి?" అని అడిగి, వాళ్ళు చెప్పేంతసేపూ మధ్యలో మాట్లాడకుండా ఆ నోటుబుక్కులోనే రాసుకోండి. అప్పటిదాకా మీరనుకున్న జాబితాలో అది బహుశా ఉండదు.